ఐదు ఈ నాలుగు

ఎక్స్‌పోర్ట్ అని నొక్కగానే తెర మధ్యలో ఒక చిన్న డబ్బా తెరుచుకుంటుంది. రిపోర్టు ఏ రూపంలో కావాలని అడుగుతుంది. పీడీఎఫా, ఎక్సెలా, సీఎస్‌వీయా, ఉత్త టెక్స్టా? లెక్కలు రాసి బతికిన నేను ఆ డబ్బాను ఎన్ని వేల సార్లు చూశానో చెప్పలేను. ఒక్కసారి కూడా రెండు క్షణాలకు మించి దాని ముందు ఆగలేదు.

మా చెల్లెలి కోడలు శిరీష ఈ మధ్యే వనపర్తిలో ఒక ఆడిటర్ దగ్గర పనికి కుదిరింది. మొన్న ఫోన్ చేసి, "మామా, రిపోర్టు ఏ ఫార్మాట్ల పంపాలె? ఏదైనా ఒకటే గదా?" అని అడిగింది. ఒకటే కాదు, రాసి పంపుతానన్నాను. ఫోన్‌లో చెప్పే సంగతి కాదది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లు, సన్మానాలు, గోడ గడియారాల సంగతులు ఇందులో ఉండవు. అవి ఎవరికీ అక్కరకు రావు.

మనిషి గాదు గదా

నేను మొదట పనిచేసింది వనపర్తిలో ఒక పల్లీ నూనె మిల్లులో. చేతిరాత ఖాతా పుస్తకాలు పోయి కంప్యూటర్ వచ్చిన కొత్త రోజులవి. మా సేటు మంచివాడే. ఇంట్లో పెళ్లయితే మాకు బట్టలు పెట్టేవాడు, జ్వరమొస్తే దవాఖానకు తనే తీసుకుపోయేవాడు. కానీ ఏ రిపోర్టడిగినా, "ఎక్సెల్‌ల ఇయ్యి కిష్టయ్యా" అనేవాడు. నేను ఇచ్చేవాణ్ణి. ఎందుకని అడగాలని తోచలేదు.

ఒకరోజు బ్యాంకు ఆయన సరుకు చూడటానికి గోదాముకు వచ్చాడు. చేతిలో మేము పంపిన స్టాకు రిపోర్టు, దాని కింద నా పేరు. అందులో ఉన్నన్ని బస్తాలు గోదాములో లేవు. నేను రాసిన అంకె వేరు, కాగితం మీద ఉన్న అంకె వేరు. సేటు నా వైపు చూడకుండా పైకప్పు రేకులు చూస్తూ నిలబడ్డాడు. బ్యాంకు ఆయన వెళ్లిపోయాక, "ఎందుకంత పరేషాన్ అయితవు? అంకెనే గదా మార్చిన, మనిషి గాదు గదా" అన్నాడు.

అప్పుడు నేర్చుకున్నాను. మార్చడానికి వీలైన రూపంలో కాగితం అడిగేవాణ్ణి, ఏం మారుస్తావని అడగాలి. అడిగే ధైర్యం లేకపోతే, కనీసం మార్చరాని నకలు ఒకటి, అంటే పీడీఎఫ్, నీ దగ్గర పెట్టుకోవాలి. పీడీఎఫ్ సాక్ష్యం, ఎక్సెల్ పనిముట్టు. సాక్ష్యంగా ఉండాల్సిన కాగితాన్ని పనిముట్టుగా చేతికిస్తే ఏమవుతుందో అక్కడ చూశాను. పనిముట్టునే సాక్ష్యమని నమ్మితే ఏమవుతుందో గద్వాలలో చూశాను.

మనోళ్లంత ఏమైండ్రు

మధ్యలో కొన్నాళ్లు నాగర్‌కర్నూల్‌లో ఒక ఎరువుల దుకాణంలో చేశాను. రైతుల పేర్లు తెలుగులో ఎక్కించాలని నేనే పట్టుబట్టాను. ఇంగ్లీషులో రాస్తే ఎల్లయ్యకూ ఎల్లప్పకూ తేడా తెలియడం లేదు. కష్టపడి ఎక్కించాను. ఒకనాడు ఆ జాబితాను ఉత్త టెక్స్టుగా ఎక్స్‌పోర్ట్ చేసి ప్రింటు తీస్తే, ఒక్క పేరు లేదు. పేరున్న చోటల్లా ప్రశ్నార్థకాలు, వరసగా, పేజీ నిండా.

దుకాణం యజమాని ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మనోళ్లంత ఏమైండ్రు కిష్టయ్యా? ఎవర్ని జూసినా నన్నే ఏదో అడుగుతున్నట్టుండ్రు" అన్నాడు. వారం రోజులు నవ్వుకున్నాం. తెలుగు అక్షరాలను మోసే పద్ధతి ఆ డబ్బాలో విడిగా ఎంచుకోవాలని, ఎంచుకోకపోతే రూపం మారేటప్పుడు అక్షరం రాలిపోతుందని తెలుసుకున్నాను. నవ్వు మాత్రమే గుర్తు పెట్టుకున్నాను, బుద్ధి గుర్తు పెట్టుకోలేదు.

గద్వాలలో నేను పెట్టిన నంబర్లు

ఉద్యోగంలో చివరి పదకొండేళ్లు గద్వాలలో గడిచాయి. పత్తి విత్తనం పండించే రైతులకూ కంపెనీకీ మధ్య నిలబడేవాణ్ణి అక్కడ ఆర్గనైజర్ అంటారు. మా ఆర్గనైజర్ పేరు తిమ్మప్ప. నేను "పటేలా" అని పిలిచేవాణ్ణి. ఆయన నన్ను "లెక్కలాయనా" అనేవాడు.

విత్తన పత్తి మామూలు పత్తి కాదు. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలు ఒక్కొక్కటే గోటితో విప్పి లోపలి పుప్పొడి తీసేయాలి. తెల్లవారి మగ పువ్వు తెచ్చి దానికి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్క మొగ్గ మరిచిపోయినా అది తనంతట తానే కాయ కడుతుంది, ఆ గింజ కలిసి విత్తనం చెడుతుంది. పంటంతా అయ్యాక ఒక్కో రైతు గింజ నుంచి గుప్పెడు తీసి, పొట్లం కట్టి కంపెనీకి పంపుతాం. వాళ్లు నాటి చూసి పాసో ఫెయిలో చెబుతారు. పాసైతే విత్తనం. ఫెయిలైతే అదే గింజ నూనె మిల్లుకు పోతుంది, ఆ రైతుకు మళ్లీ ఎవరూ విత్తన పంట ఒప్పజెప్పరు.

ఎవరి గింజో పరీక్ష చేసేవాళ్లకు తెలియకూడదు. అందుకని పొట్లం మీది చీటీలో పేరుండదు, లాట్ నంబరే. ఆ నంబరు పద్ధతి కనిపెట్టింది నేనే. మొదట రైతు వరస సంఖ్య, తరవాత ఊరి అక్షరం, చివర చేను ఊరికి ఏ దిక్కునుందో చెప్పే అంకె. తూర్పు ఒకటి, దక్షిణం రెండు, పడమర మూడు, ఉత్తరం నాలుగు. మా జీపు తిరిగే వరసలో ఊళ్లకు ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరాలు పెట్టాను. గట్టు వైపున్న ఐదో ఊరికి ఈ వచ్చింది. పొట్టిగా, చక్కగా ఉందని తిమ్మప్ప మెచ్చుకున్నాడు. నేనూ లోలోపల పొంగిపోయాను.

ఆ ఊళ్లో ఐదో రైతు దానేలు, చేను ఊరికి ఉత్తరాన. నంబరు 5E4. నిజానికి పంట దానేలుది అనడం కన్నా అతని భార్య మరియమ్మది అనాలి. పదిహేనేళ్లు పరుల చేలల్లో క్రాసింగ్ కూలికి పోయిన మనిషి. మొగ్గ విప్పడంలో ఆమె చేయి తిరిగినట్టు ఎవరి చేయీ తిరగదని మా సూపర్‌వైజర్లే అనేవాళ్లు. ఆ యేడు మొదటిసారి ఇద్దరూ సొంతంగా కౌలుకు పట్టారు. దానేలుకు చెవులు మందం. ఎవరేం చెప్పినా మరియమ్మ అతని చెవి దగ్గర నోరు పెట్టి మళ్లీ చెప్పాలి. గింజ సంచికి నంబరు చీటీ ఆమే కట్టింది. చదువు రాదు కనుక నన్ను అడిగింది.

"సారూ, గీ దువ్వెన లెక్క ఉన్నది ఏంది?"

"అది ఈ అనే అక్షరం మరియమ్మా. మీ ఊరి గుర్తు."

"అట్లనా. ఐదు, దువ్వెన, నాలుగు. యాద్ పెట్టుకుంట," అని నవ్వింది.

రెండు యాభై వేలు

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కంపెనీ వాళ్లు లాట్ల జాబితా సీఎస్‌వీలో పంపమన్నారు. ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పోవడానికి అదే సరైన రూపం, అందులో తప్పేమీ లేదు. సాఫ్ట్‌వేర్ నుంచి సరిగ్గానే బయటికి వచ్చింది. దాన్ని అలాగే పంపి ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు శుభ్రం పిచ్చి. పంపేముందు ఒకసారి చూద్దామని దాని మీద రెండుసార్లు నొక్కాను. అది ఎక్సెల్‌లో తెరుచుకుంది. పై వరసలు చూశాను, బాగున్నాయి. గడుల వెడల్పు సరిచేసి, సేవ్ కొట్టి పంపాను.

అంకె, మధ్యలో E, మళ్లీ అంకె కనబడితే ఎక్సెల్ దాన్ని పేరనుకోదు, పెద్ద సంఖ్యను పొట్టిగా రాశారనుకుంటుంది. ఐదు పక్కన నాలుగు సున్నాలు పెట్టమని అర్థం చేసుకుంటుంది. ఏ ఊరు, బీ ఊరు, సీ, డీ ఊళ్ల నంబర్లు చెక్కుచెదరలేదు. E ఊరి నంబర్లు మాత్రం, జాబితా అడుగున, నేను చూడని చోట, అన్నీ సంఖ్యలైపోయాయి.

ఫలితాలు వచ్చాయి. మెయిల్‌లో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి పరీక్ష చేసినవాళ్లు సంతకం పెట్టిన పీడీఎఫ్. రెండోది ఎక్సెల్, కంపెనీ గుమాస్తా మా పనికి వీలుగా ఉంటుందని మా జాబితా పక్కనే ఫలితాలు పెట్టి, నంబర్ల వరసలో పేర్చి పంపినది. నేను ఎక్సెల్ తెరిచాను. పీడీఎఫ్ తెరవలేదు. రెండింట్లో ఒకటే ఉంటుంది కదా అనుకున్నాను.

E ఊరి నంబర్లు వింతగా కనబడ్డాయి. కంప్యూటర్ పైత్యం అనుకుని కూర్చుని వెనక్కి లెక్క కట్టాను. రెండు వేల మూడు వందలంటే 23E2. ఇలా ఒక్కొక్కటే విడగొట్టి, మా పుస్తకంలో పేరుతో సరిచూసుకుంటూ పోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. చివరికి రెండు వరసలు మిగిలాయి. రెంటి మీదా యాభై వేలే. ఐదు పక్కన నాలుగు సున్నాలు పెట్టినా యాభై వేలు, యాభై పక్కన మూడు సున్నాలు పెట్టినా యాభై వేలు. 5E4 దానేలుది. 50E3 పడమటి చేను, చాలా యేండ్లుగా మాతో విత్తనం చేస్తున్న పెద్ద రైతుది. రెండు వరసల్లో ఒకటి పాస్, ఒకటి ఫెయిల్.

తిమ్మప్పకు చూపించాను. ఆయన అద్దాలు సర్దుకుని చూశాడు.

"యాభయ్యో ఆయన నా పెండ్లి గాకముందు సంది చేస్తుండు. ఆయనది ఎట్ల పోతది?" అన్నాడు.

"మరి కంపెనీకి ఫోన్ చేసి అడుగుదామా పటేలా?"

"ఏమడుగుతవు? మన నంబర్లు మనకే తెల్వదంటవా? కొత్తగ కౌలు పట్టినోల్లు. ఎక్కడో చెయ్యి తప్పి ఉంటది. వాల్లదే రాయి."

నాకూ నిజమే అనిపించింది. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఒప్పుకోకపోతే ఈ రాత ఎందుకు? తిమ్మప్ప నన్ను బెదిరించలేదు. బతిమాలలేదు. పాత రైతు, కొత్త కౌలుదారు అనే సరికి నా మనసు కూడా అటే ఒరిగింది. దానేలు పేరు పక్కన ఫెయిల్ అని రాశాను. పీడీఎఫ్ ఆ మెయిల్‌లోనే, ఒక్క నొక్కు దూరంలో ఉంది.

ఫలితం వినడానికి ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. తిమ్మప్ప చెప్పమని నా వైపు చూశాడు. నేను తల దించుకుని, గొంతు తగ్గించి, "మీది పోయింది" అన్నాను. దానేలుకు వినబడలేదు. "ఏమంటుండు? ఏమంటుండు?" అని భార్యను అడిగాడు. మరియమ్మ నా ముఖం చూసింది, తిమ్మప్ప ముఖం చూసింది. తరవాత మొగుడి చెవి దగ్గరికి వంగి, బయట వరండాలో కూర్చున్న రైతులందరికీ వినబడేటట్టు గట్టిగా చెప్పింది.

"ఫెయిల్ అయిందంట. మనది ఫెయిల్ అయిందంట."

తన చేతిపని చెడిందని ఆమె తన నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది. నేను ఇంకొంచెం గట్టిగా పలికి ఉంటే ఆ మాటయినా ఆమెకు తప్పేది.

తెరవని కాగితం

ఏడు నెలల తరవాత ఆడిటర్ వచ్చి, సంతకాలున్న అసలు రిపోర్టు ఏదని అడిగాడు. పాత మెయిల్ వెతికి పీడీఎఫ్ మొదటిసారి తెరిచాను. పొట్లాల మీది చీటీల్లో ఎలా ఉందో అలాగే రాసి ఉంది, ఒక్క అక్షరం చెదరకుండా. 5E4, పాస్. 50E3, ఫెయిల్.

మా పుస్తకం తీసి పేర్లు మళ్లీ సరిచూశాను. రెండు ప్రింట్లు తీసి ఒకటి ఆడిటర్‌కు ఇచ్చాను. ఆయన పోయాక తిమ్మప్ప గదిలోకి వెళ్లి కాగితం ఆయన ముందు పెట్టాను. చదివి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడేం జేస్తం లెక్కలాయనా? గింజ మిల్లుకు పాయె. వాల్లు బతకపోయిండ్రు, ఏ ఊర్ల ఉన్నరో ఏమో. బయట పెడితే యాభయ్యో ఆయన ఊకుంటడా? కంపెనీ ఊకుంటదా?"

"మరియమ్మకన్న చెప్పాలె గద పటేలా."

"చెప్తే పంట మల్లొస్తదా?" అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన కూడా ఆ పూట అన్నం తినలేదు. అది నాకు తెలుసు. కానీ తినకపోవడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

నేను నోరు మూసుకున్నాను. ఉద్యోగం ఇంకా ఐదేళ్లుంది. రేపు చెబుదాం, వాళ్లు ఊరికి వచ్చినప్పుడు చెబుదాం అనుకుంటూ గడిపాను. నంబరు పద్ధతి మాత్రం మర్నాడే మార్చాను, ఆ అక్షరం తీసేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. అయినా అక్కడ కాలింది నా చేతులు కావు.

పాన్‌గల్ దారి

రిటైరై వనపర్తికి వచ్చేశాను. మా పాత సూపర్‌వైజర్ ఒకతను బస్టాండులో కలిసి, మాటల్లో దానేలు పోయాడని చెప్పాడు. పుణెలో మేస్త్రి కింద మట్టి పని చేస్తుండగా జబ్బు చేసిందట. మరియమ్మ అతణ్ణి తన పుట్టింటికి, పాన్‌గల్ దగ్గరి ఊరికి తెచ్చిందట, అక్కడే కన్నుమూశాడట. ఆమె ఇప్పటికీ అక్కడే ఉందట. ఆటోలో గంట కూడా పట్టని దూరం. రెండేళ్లుగా నేను ఇంట్లో కూర్చుని పేపరు చదువుకుంటుంటే ఆమె అంత దగ్గర్లో ఉంది.

పీడీఎఫ్ ప్రింటు తీసి, మడతపడకుండా అట్టలో పెట్టుకుని వెళ్లాను. ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. జుట్టు నెరిసింది, చేతులు మాత్రం అప్పటిలాగే చకచకా కదులుతున్నాయి.

"లెక్కల సారువు గదా. గద్వాల ఆఫీసుల కంప్యూటర్ కాడ కూసుంటుంటివి. రా, కూసో," అని గోనె పరిచింది.

దారి పొడుగునా నేర్చుకున్న మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మీది పాసైంది, నా తప్పు వల్ల ఫెయిల్ అని రాశాను, నాకు తెలిసి ఏడేళ్లయింది, చెప్పలేదు అన్నాను. ఆమె గింజ తీయడం ఆపలేదు. చేట నిండేదాకా తీసి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా ఆయన ఉన్నప్పుడు రాకపోతివి సారూ," అంది.

ఆమె మెల్లగా చెప్పింది.

"ఆ దినం ఇంటికి పోయినంక ఒక్కసారే అన్నడు. నీ చెయ్యి తప్పింది మరియా అని. మల్ల ఎన్నడు అనలే. మంచోడు, దెప్పలే. గని మల్ల ఎన్నడు నా పని జూసి బాగున్నదని గూడ అనలే. చివరిదాంక అనలే. నాకు గూడ అనుమానం బట్టె. ఏ సాలుల ఏ మొగ్గ మర్సిన్నో అని. కండ్లు మూస్తే ఆ చేనే. ఇన్నేండ్లు ఆ ఒక్క మొగ్గనే దేవులాడిన సారూ. అది లేనే లేదంటివి గదా ఇప్పుడు."

"లేదు మరియమ్మా. నువ్వు ఒక్క మొగ్గ గూడ మర్వలే," అన్నాను. ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

అట్టలోంచి కాగితం తీసి ఇచ్చాను. ఆమె వేలు వరసల మీద పైనుంచి కిందికి జారుతూ పోయి ఒకచోట ఆగింది. నేను చూపించలేదు.

"గిదే. ఐదు, దువ్వెన, నాలుగు. సంచికి నేను కట్టిన చీటీ మీద గిదే ఉండె. దీని పక్కన ఏముంది సారూ?"

"పాస్ అని ఉంది."

ఆమె లేచి చెప్పులు వేసుకుంది. "రా సారూ, ఆయన కాడికి పోదాం. నాకు సదువు రాదు. నువ్వే సదవాలె," అంది.

ఊరి బయట, తుమ్మ చెట్ల అవతల సమాధులున్నాయి. దానేలు సమాధి మీద సున్నం వేసిన చిన్న సిలువ. ఆమె కొంగుతో దుమ్ము దులిపి పక్కకు జరిగి, నన్ను తలవైపు నిలబడమంది. కాగితం విప్పాను. మెల్లగా చదివాను. లాట్ నంబరు ఐదు ఈ నాలుగు, పాస్.

మరియమ్మ నా మోచేయి పట్టుకుంది.

"గట్ల మెల్లగ సదివితే ఎట్ల సారూ? ఆయనకు వినరాదు. జర గట్టిగ సదువు."

గట్టిగా చదివాను. ఆమె చాలన్నదాకా చదివాను.